మట్టి దగ్గర పాడని పాట

మా బాన్సువాడ క్రైస్తవ గుడిలో ఏ పూజకు ఏ పాట పాడాలో నా చిన్నప్పుడు మా పక్కింటి అక్కే చెప్పేది. గానబృందం అని పేరేగానీ పట్టుమని పదిమందిమి కూడా లేము. నాట్లకు పోయివచ్చే ఆడవాళ్లు, నాలాంటి ఇద్దరు ముగ్గురు ఆడపిల్లలు, ఒక పాత హార్మోనియం, అంతే. వచ్చిన పాటలూ వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. అందులో ఒక అర్పణ పాట, అంటే పూజలో రొట్టె, ద్రాక్షరసం పీఠం దగ్గరికి తెచ్చేటప్పుడు పాడేది, మా తమ్ముడికి ప్రాణం. ఇంట్లో కూడా అదే పాడుతూ అమ్మ కొంగు పట్టుకుని తిరిగేవాడు.

ఒక ఏడు నాట్లప్పుడు వాడు కాలువలో పడి చనిపోయాడు. ఇంకా బడికి కూడా పోలేదు. అమ్మ ఏడవలేదు. వాడి చొక్కా ఒళ్లో పెట్టుకుని గోడకు ఆనుకుని కూర్చుంది. అమ్మ ఇక ఎప్పటికీ ఇలాగే ఉండిపోతుందేమోనని నాకు ఒకటే భయం.

సమాధి చేసే రోజు పొద్దున మా నాన్న అక్కను పిలిచి, వాడి పాటే పాడమన్నాడు. చుట్టాలందరూ అదే న్యాయమన్నారు. అక్క మాత్రం పాడనంది. నాన్నకు కోపం నషాళానికి అంటింది.

“నా కొడుకు పాట వానికే పాడకుంటే ఇంకెవ్వరికి పాడుతవ్?”

అక్క గొంతు పెంచలేదు.

“అన్నా, మనకున్నయే గిన్ని పాటలు. ఇది వచ్చే ఆదివారం పాడాలె, ఆ పై ఆదివారం పాడాలె. ఇయ్యాల గుంత కాడ పాడితే, వదిన ఇగ ఎన్నడు విన్నా గా గుంతే కనబడ్తది. పిలగాన్ని ఎట్లాగూ మట్టిల పెడ్తున్నం. పాటనన్న ఆమెకు ఉండనీయి.”

మాకు సరిగా రాని ఒక తపస్సుకాలపు పాట, అంటే ఈస్టరు ముందు ఉపవాసాల రోజుల్లో పాడేది, ఎంచింది. ఈడుస్తూ, తడబడుతూ ఎలాగో పాడాం. అక్కకు గుండె లేదని చుట్టాలు ముఖం మీదే అన్నారు. నాన్న ఆమెతో చాలా రోజులు మాట్లాడలేదు.

కోతలు అయిపోయాక గానీ అమ్మ గుడి మెట్లు ఎక్కలేదు. ఆ ఆదివారం అర్పణ పాట ఎత్తుకున్నాం. వెనక నుంచి అమ్మ ఏడుపు వినిపించింది. అన్నాళ్లూ బిగబట్టిందంతా ఒక్కసారి బయటపడ్డ ఏడుపు. లేచి పోతుందనుకున్నాను. పోలేదు. రెండో చరణం దగ్గర ఆ ఏడుపులోనే మాతో కలిపి పాడింది. సమాధి దగ్గర పాడిన పాట మాత్రం ఆమె బతికినన్నాళ్లూ వినలేకపోయింది. ఎవరి చావుకైనా అది ఎత్తుకుంటే చాలు, కొంగు నోట్లో కుక్కుకుని బయటికి నడిచేది.

ఇప్పుడు పాటలు ఎంచేది నేను. చావు జరిగిన ఇంటికి పోతే, పోయినవాళ్లకు ఏ పాట ఇష్టమో ముందు అడుగుతాను. అది తప్ప వేరేది పాడతాను. మొన్న నస్రుల్లాబాద్ నుంచి చనిపోయిన బిడ్డను సమాధికి తెచ్చిన తండ్రి అందరిలో నన్ను నానా మాటలూ అన్నాడు. అననీ. వాళ్లావిడ మళ్లీ ఆదివారం గుడికి రావాలి.