మత్తయి దుకాణంలో యార్క్ కిటికీలు

ఆర్మూర్‌లో ఫొటోకు ఫ్రేము కట్టించుకోవడం సులువు. కట్టిన ఫ్రేమును మత్తయి చేతిలోంచి విడిపించుకోవడమే కష్టం. పని పూర్తయ్యాక, అద్దం తుడిచాక, మీరు చేయి చాపాక, ఆయన ఆ ఫ్రేమును తన ఒళ్లో బోర్లా పెట్టుకుంటాడు. మీ చేతికి ఒక భూతద్దం ఇస్తాడు. గోడకున్న బొమ్మల్లో ఒకటి చూపించి, "గీ బిల్డింగుకు కిటికీలెన్ని ఉన్నయో జర లెక్కవెట్టి చెప్పుండ్రి" అంటాడు. చెప్పేదాకా ఫ్రేము ఇవ్వడు. మీరు ఎమ్మెల్యే గారి మేనల్లుడైనా సరే.

ఆయన పక్క మడిగె నాది. జిరాక్సు, ఆన్‌లైన్ దరఖాస్తులు, కలర్ ప్రింట్లు. పన్నెండేళ్లుగా మా ఇద్దరి మధ్య ఒక రేకు గోడే అడ్డం. కాబట్టి ఊరివాళ్లు ఆయన్ను తిట్టిన తిట్లన్నీ ముందు నా చెవిలో పడ్డాకే గాలిలో కలిశాయి.

ఆ బొమ్మల కథ కొంత చెప్పాలి. జిల్లాలో ఎక్కడో ఒక పాత మిషనరీ బంగళా ఖాళీ చేస్తూ, చెదలు తిన్న ట్రంకు పెట్టెను బయట పడేశారట. కిటికీ అద్దాలు బిగించడానికి వెళ్లిన మత్తయి దాన్ని నెత్తిన పెట్టుకుని తెచ్చుకున్నాడు. అడుగునున్న బట్టలు మట్టిలో కలిశాయి గానీ పైనున్న పన్నెండు కాగితాలు బతికాయి. ఒక్కోదాని మీద ఒక్కో పాత కట్టడం, వెంట్రుకలంత సన్నటి నల్ల గీతల్లో. మబ్బుల్లోకి లేచిన పెద్ద చర్చి, కోటగోడ, దానికి బురుజుల దర్వాజాలు, నది మీద వంతెన. కింద ఇంగ్లిషు రాతను చదివి చెప్పింది నేనే. ఇంగ్లండులో యార్క్ అనే పట్నమట. మత్తయి మాత్రం వాటికి "గీతల బొమ్మలు" అని పేరు పెట్టుకున్నాడు.

మత్తయి నిజామాబాద్ దాటి ఎరగడు. యార్క్ సంగతులు మాత్రం ఆయన్నే అడగాలి.

"తమ్మీ, గా పట్నంల కుక్కలు మస్తుగున్నయి. పన్నెండు బొమ్మలల్ల పందొమ్మిది."

"మన ఆర్మూర్ల లేవా అన్నా?"

"ఉన్నయి. గని గక్కడియి మనుషుల ఎంబడి నడుస్తున్నయి. మనయి మనుషులను ఉరికిస్తున్నయి."

సిద్దులగుట్ట మీది రాళ్లను చూసి కూడా ఆయనకు యార్కే గుర్తొచ్చేది. "గిన్ని రాళ్లు వాళ్ల దగ్గరుంటె ఇంకో నాలుగు చర్చిలు కడ్తుండ్రి" అని నిట్టూర్చేవాడు.

ఇక లెక్కల బాధితుల్లో, మార్కెట్లో పసుపు కమీషను వ్యాపారం చేసే అడ్తిదారు బాబురావు మొదటివాడు. కొత్త దుకాణానికి లక్ష్మీదేవి పటం కట్టించాడు. ముహూర్తం తొమ్మిదిన్నరకు. తొమ్మిదింబావుకు మత్తయి ముందు నిలబడి, "జల్ది ఇయ్యి, అయ్యగారు ఎదురు చూస్తున్నడు" అన్నాడు.

"కిటికీలెన్ని సేటూ?"

"ఇరవై!"

"జూడకుండనే చెప్తివి. పసుపు గూడ గిట్లనే జూస్తవా?"

బాబురావుకు పౌరుషం వచ్చింది. కొమ్ము విరిచి వాసన చూసి ఏ ఊరి పసుపో చెప్పగల మనిషి. భూతద్దం లాక్కుని కూర్చున్నాడు. తొమ్మిదిన్నరకు అయ్యగారు ఫోన్ చేశాడు, పావు తక్కువ పదికి భార్య ఫోన్ చేసింది, పదికి ఇద్దరు గుమాస్తాలు వెతుక్కుంటూ వచ్చారు. అప్పటికాయన మూడో గోపురం దగ్గరున్నాడు. "ఆగుండ్రి, లెక్క తప్పుతది!" అని గుమాస్తాల మీద అరిచి, చివరికి "నలభై మూడు" అన్నాడు.

"శెభాష్" అని మత్తయి పటం ఇచ్చేశాడు. ఆ దుకాణం దుర్ముహూర్తంలో తెరిచారు. ఇప్పటికీ బాగానే నడుస్తోంది.

తర్వాత శ్రవణ్‌కుమార్, సువర్ణ పెళ్లి ఫొటో కోసం వచ్చారు. పెళ్లై తొమ్మిది రోజులు. కిటికీలు ఆయన ముప్పై ఒకటి అన్నాడు, ఆమె ముప్పై నాలుగు అంది. వాళ్ల కాపురంలో మొదటి కొట్లాట మత్తయి దుకాణంలోనే జరిగింది. మరునాడు రెండు వైపుల తల్లిదండ్రులను, ఆడపడుచును వెంటబెట్టుకుని మళ్లీ వచ్చారు. పెళ్లికొడుకు వైపు ఒక లెక్క, పెళ్లికూతురు వైపు ఒక లెక్క. మత్తయి రెండు వైపులకూ "శెభాష్" అన్నాడు.

అక్కడే నాకు అనుమానం పుట్టింది. ఒకే బొమ్మకు ముప్పై ఒకటి అన్నా శెభాషే, ముప్పై నాలుగు అన్నా శెభాషే. ఉండబట్టలేక ఒక మధ్యాహ్నం అడిగాను. "అన్నా, అసలు లెక్కెంత?"

"నాకేమెర్క తమ్మీ? నేనెన్నడు లెక్కవెట్టలె."

తెలియని లెక్కను ఊరందరి చేతా ఎందుకు చేయిస్తున్నట్టు? ఎంత గుచ్చి అడిగినా నవ్వి, మొలలు నోట్లో పెట్టుకుని, సుత్తి అందుకునేవాడు. నోట్లో మొలలున్న మనిషిని ఏం అడుగుతాం?

ఆయన భార్య ఎస్తేరమ్మకు యార్క్ అంటే సవతి. ఇంటి మీద ఇంకా రేకులే. "వాన గొడితె టీవీ ఇనరాదు, పాస్టరమ్మ ప్రార్థన ఇనరాదు, గీయన చెప్పే అబద్ధాలు గూడ ఇనరావు" అనేది, రోజూ సద్ది డబ్బా దించుతూ. "ఎవలన్న గొనుక్కపోతె ఇంటి మీద స్లాబు వడ్తుండె." 

ఆ మాట విని నేనే బొమ్మల ఫొటోలు తీసి ఇంటర్నెట్‌లో పెట్టాను. వారం తిరక్కుండా హైదరాబాద్ నుంచి వినోద మేడం సొంత కారు నడుపుకుంటూ దిగింది. కట్టడాల గురించి కాలేజీలో పాఠం చెబుతుందట, ఇలాంటి పాత బొమ్మలు సేకరిస్తుందట. రెండు గంటలు చూసింది. రాగిరేకు మీద పదునైన ఉలితో గీత గీత చెక్కి, సిరా పూసి, కాగితం మీద ఒత్తి తీసినవని చెప్పింది. మత్తయి ఆమెను కూడా వదల్లేదు.

"కిటికీలెన్ని మేడం?"

"నిజం కిటికీలా, అందం కోసం గోడలో కిటికీలా చెక్కి మూసేసినవి కూడా కలపాలా?"

మత్తయి భూతద్దం వెనక్కి తీసుకుని తనే బొమ్మ మీదికి వంగాడు. ఆయన్ను అలా చూడటం నాకదే మొదటిసారి.

ఆమె ఎస్తేరమ్మ స్లాబుకు సరిపడా ధర చెప్పి ఒకే షరతు పెట్టింది. "పన్నెండూ ఒకే సెట్. ఒక్కటి తగ్గినా నాకు వద్దు." వచ్చే ఆదివారం వచ్చి తీసుకెళతానంది. ఎస్తేరమ్మ ఆ సాయంత్రమే మేస్త్రీతో మాట్లాడింది. మత్తయి మాత్రం గోడ వంక చూస్తూ, "బొమ్మలు పోతె ఇగ జనాలనేం అడగాలె?" అన్నాడు. నేను నవ్వాను. ఆయన నవ్వలేదు.

శనివారం పొద్దున గంగమణి వచ్చింది. భీమ్‌గల్ రోడ్డులో ఒక పల్లె ఆమెది. భర్త పోశెట్టి మార్కెట్లో హమాలీ. పది రోజుల కింద బస్తా దించి, ఛాతీలో నొప్పి అని కూర్చుని, మళ్లీ లేవలేదు. మరునాడు పదకొండో రోజు. దండ వేయడానికి పటం కావాలి. ఆధార్ కార్డు తప్ప ఆమె దగ్గర ఇంకేమీ లేదు.

ఆ ఆధార్ ఫొటోను నేను పెద్దది చేసి ప్రింటు తీశాను. ఆధార్‌లో మన మొఖాలు ఎలా ఉంటాయో మీకు తెలుసు. గంగమణి చాలాసేపు చూసి, "గీన ఎవలు సారూ?" అంది.

"ఇంకో ఫొటో లేదా అమ్మా? పెండ్లిదో, ఫోన్లదో?"

"యాడిది సారూ. ఫొటో అంటె చాలు, ఈపు తిప్పి పోతుండె. బిడ్డ పెండ్లిల గూడ దొరకలె."

అని ఏడవడం మొదలుపెట్టింది. ఆమెను మత్తయి దుకాణంలో కూర్చోబెట్టి నీళ్లిచ్చాం. అప్పుడాయన ఏం చేశాడంటే, భూతద్దం తీసి ఆమె చేతిలో పెట్టాడు. "గా పెద్ద చర్చికి కిటికీలెన్నున్నయో జర జూడమ్మా."

నాకు ఒళ్లు మండింది. ఆయన్ను రెక్క పట్టుకుని బయటికి లాగాను. "అన్నా, ఇంత దుఃఖంల ఉన్న మనిషినా? నీకేమన్న బుద్ధి ఉన్నదా?"

మత్తయి రోడ్డు వైపు చూస్తూ చెప్పాడు. "నువ్వు ఈడ మడిగె వెట్టకముందు ముచ్చట తమ్మీ. ఒకాయన చచ్చిపోయిన కొడుకు ఫొటో కట్టిచ్చుకున్నడు. నేను చేతికిచ్చిన. ఎదకు పెట్టుకోని మెట్టు దిగిండు, నడి రోడ్డు మీదికి పోయిండు. కండ్ల నిండ నీళ్లాయె, ఏం కనవడ్తది? పసుపు లారీ వచ్చింది. బెత్తెడు దూరంల ఆగింది. గా దినం సంది ఎవ్వల్నీ ఊకె మెట్టు దిగనియ్య. కండ్లల్ల నీళ్లుంటె కిటికీలు లెక్కవెట్టస్తదా? లెక్క చెప్పిండ్రంటె కండ్లు ఆరినట్టు. ఇగ రోడ్డు దాటుతరు."

"మరి బాబురావును, పెండ్లి ఫొటోలోళ్లను ఎందుకు సతాయిస్తవు?"

"ఏడ్సెటోళ్లనే అడిగితె వాళ్లకు తెలుస్తది గద. అందర్ని అడిగితె పిచ్చోడు అనుకుంటరు. అనుకోనీ."

నాకు సిగ్గేసింది. పన్నెండేళ్లు పక్కనే ఉండి నేను చేసిన పని అసలు లెక్కెంత అని గుచ్చి అడగడం ఒక్కటే.

ఇంతలో లోపలి నుంచి గంగమణి పిలిచింది. "సారూ! కిటికీలు నాతోని కాదు గని, గీ మూలకు మా ఆయన నిలవడ్డడు."

వెళ్లి చూశాం. చర్చి కింద, కుడి మూలన, గుర్రబ్బండి పక్కన ఒక మనిషి. గోరంత ఉంటాడు. మనకు వీపు తిప్పి నిలబడ్డాడు. తలకు ఏదో చుట్టుకున్నాడు, కాళ్ల దగ్గర బస్తా ఉంది, ఒక చేయి నడుము మీద ఉంది.

"బస్తా దించినంక గట్లనే నిలవడ్తుండె. నడుము మీద చెయ్యేసి. ఎవలో ఫొటో తీస్తుండ్రు, అందుకే గటు దిరిగిండు." గంగమణి పది రోజుల తర్వాత నవ్విందని ఆమె ముఖం చూస్తేనే తెలిసింది. "సారూ, గీన్ని పెద్దగ జెయ్యస్తదా?"

బొమ్మను గోడ మీంచి దించి, ఫ్రేము విప్పి తెచ్చి, నా శక్తినంతా చూపించాను. ఆ మూలను స్కాన్ చేసి పెద్దది చేస్తే మనిషి మాయమై ఏడు గీతలు మిగిలాయి. మొత్తం బొమ్మకు జిరాక్సు తీస్తే సన్నటి గీతలన్నీ అలుక్కుపోయి, పోశెట్టి చీకట్లో కలిసిపోయాడు. ఫోనుతో తీసినా మసకే. రెండు వందల ఏళ్ల కిందటి కాగితం మీద, ఆ మూలన, ఆ సైజులో మాత్రమే ఆయన ఉన్నాడు.

మత్తయి ఆ బొమ్మను మళ్లీ ఫ్రేములో బిగించి గంగమణి ముందు పెట్టాడు. సరిగ్గా అప్పుడే ఎస్తేరమ్మ సద్ది డబ్బాతో వచ్చి గుమ్మంలో ఆగిపోయింది. ఖాళీ గోడను చూసింది, బొమ్మను చూసింది, గంగమణిని చూసింది. స్లాబు సంగతి మా ముగ్గురికీ తెలుసు. గంగమణికి తెలియదు.

"ఏం మొల ఇస్తున్నవు?" అంది ఎస్తేరమ్మ.

"ఇంచు మొల."

"పల్లెల మట్టిగోడలుంటయి, గది ఆగది. మూడించులది ఇయ్యి." అని కొంగుతో అద్దం తుడిచి, తనే గంగమణికి అందించింది. ఆమెను రోడ్డు దాటించి వచ్చాక మాత్రం మత్తయిని గంటసేపు తిట్టింది. ఆ తిట్లలో కూడా బొమ్మ ఎందుకిచ్చావని ఒక్కసారీ అనలేదు.

ఆదివారం మేడం వచ్చింది. బల్ల మీద పేపర్లో చుట్టిన పొట్లాలు లెక్కపెట్టింది. గోడ మీద నలుచదరంగా వెలిసిపోని మచ్చను చూసింది.

"పదకొండే ఉన్నాయి! పెద్ద చర్చి ఏది?"

"పనిమీద పోయింది మేడం" అన్నాడు మత్తయి.

ఆమెకు కోపం వచ్చింది. ఎక్కడుందో చూడాల్సిందేనంది. ముగ్గురం ఆమె కార్లో బయల్దేరాం. మత్తయి ఎందుకో ఒక పొట్లం చంకలో పెట్టుకున్నాడు. దారిలో నేను లారీ సంగతి, కిటికీల సంగతి మేడానికి చెప్పాను. ఆమె కారు వేగం తగ్గించింది.

గంగమణి ఇంట్లో మట్టిగోడకు, మూడించుల మొలకు, యార్క్ పెద్ద చర్చి వేలాడుతోంది. దానికి బంతిపూల దండ. అద్దం మీద కుడి మూలన చిన్న కుంకుమ బొట్టు. ముందు విస్తరిలో కోడికూర, సీసాలో కల్లు, ఒక బీడీ కట్ట. వచ్చిన చుట్టాలు ఒక్కొక్కరే బొట్టు దగ్గర కళ్లు పెట్టి, "అవునే, పోశెట్టే! గా నడుము మీద చెయ్యి జూడు" అంటున్నారు. "గా ఎనుకున్న బిల్డింగేంది?" అని ఒక ముసలాయన అడిగాడు. "మార్కెట్ యార్డుల కొత్త గోదాము కావచ్చు" అని ఇంకొకాయన తేల్చాడు.

గంగమణి మేడానికి పీట వేసి, కూర వడ్డించి, "మా ఆయనను జూడ గంత దూరంకెల్లి వచ్చినవా అమ్మా" అంది.

మేడం కూడా బొట్టు దగ్గర కళ్లు పెట్టి చూసింది. తర్వాత అందరిలాగే చేతులు జోడించింది.

కార్లో కూర్చున్నాక అంది. "ఆ పదకొండూ మీ గోడకే పెట్టేయండి. వాటికి అక్కడ పని ఉంది." తాళం చెవి తిప్పబోయింది.

"మేడం, బండి తియ్యకుండ్రి" అన్నాడు మత్తయి. చంకలోని పొట్లం విప్పి, నది మీది వంతెన బొమ్మ, భూతద్దం ఆమె ముందు పెట్టాడు. "గీ ఒడ్డు మీది ఇండ్లకు కిటికీలెన్ని?"

ఆమె భూతద్దం పట్టుకుంది, దించింది, పైట కొంగు కోసం వెతుక్కుంది, మళ్లీ పట్టుకుంది. మత్తయి తొందరపెట్టలేదు. వెనక సీట్లో ఉన్న నా వైపు తిరిగి, "తమ్మీ, నువ్వు గూడ జూడు" అన్నాడు.

కొంతసేపటికి మేడం డెబ్బై రెండు అంది. నేను నలభై అన్నాను.

"శెభాష్" అన్నాడు మత్తయి, ఇద్దరితోనూ. "ఇగ పోనియ్యుండ్రి."