నాలుగో ఆనపకాయ

నా భార్య శివరాత్రికి వారం ముందు కామారెడ్డి దవాఖానాలో కన్నుమూసింది. పదకొండు రోజుల జ్వరం. ఎల్లారెడ్డిలో మా వాకిలి ముందు నుంచి పోయేవారు ఇంకా ఆమె ఏదని అడుగుతున్నారు. ఒక్కొక్కరికీ నోటితో చెప్పలేక, తెలిసినవారు చదువుతారని ఇది రాస్తున్నాను.

ఆమెది గాంధారి. అన్నలతో కలిసి మోటబావిలో ఈత నేర్చింది. మా ముగ్గురు పిల్లలకూ నేర్పాలని, గుట్టల నడుమ పోచారం చెరువు ఒడ్డున రెండు రోజులు డేరా వేసుకుని ఉండాలని ఆమె కోరిక. నాది తహసీలు కచేరీలో కొలువు. రుఖ్సత్, అంటే సెలవు, దొరకదని మూడేళ్ళు చెప్పాను. ఆమె ఒక్కసారే దెప్పింది: "సర్కారు పనికైతే ఊరూర డేరాల పంటరు. పిల్లలతోటి పండితే నౌకరి పోతదా?"

నిజానికి నేను రుఖ్సత్ అడగనే లేదు. చిన్నప్పుడు దిగుడుబావిలో జారి మునిగాను. ఎవరో జుట్టు పట్టి లాగారు. ఆ తరువాత మోకాలి లోతు దాటి ఎన్నడూ నీళ్ళలోకి దిగలేదు. ఇంత చదువు చదివీ ఆ మాట ఆమెకు చెప్పలేకపోయాను.

నేను వాయిదా వేస్తున్నా ఆమె సిద్ధమవుతూనే ఉంది. చేపలు పట్టేవాళ్ళు అంగడికి వస్తే ఏ ఒడ్డున ఎంత లోతో అడిగేది. పడమటి ఒడ్డున ఇరవై అంగలు వేస్తే గాని నీళ్ళు నడుముకు రావని తెలుసుకుంది. ఎవరి బండి, ఎన్ని జొన్నరొట్టెలు, ఎన్ని మలీద ముద్దలు, అన్నీ నోటికే ఉండేవి. అగ్గిపెట్టెలు రెండు, చేంతాళ్ళు రెండు. "ఒకటి పోతే ఒకటుండాలె" అనేది.

పోయిన వానాకాలం దొడ్లో ఆనపతీగ పెట్టింది. నాలుగు కాయలు మాత్రం కోయనివ్వలేదు. కూరకు అడిగిన పొరుగామెతో, ఇవి తినేవి కావు, తేలేవి అని నవ్వింది. అవి తీగ మీదే ఎండి బుర్రలయ్యాయి. నడుముకు కట్టుకుంటే మునగనివ్వవు. పిల్లలకు మూడు. ఒకటి పగిలితే ఉంటుందని నాలుగోది దాచిందనుకున్నాను.

దవాఖానాలో, గొంతు సన్నబడ్డాక, నా వైపు తిరిగింది. "బుర్రలు ఎలుకలు కొడ్తయి. దూలానికి కట్టుండ్రి." ఆమె నాతో అన్న ఆఖరి మాట అదే. ఒంటరిగా ఇల్లు చేరి, ముందు ఆ పని చేశాను.

చైత్రంలో రుఖ్సత్ అడిగాను. ఆ రోజే ఇచ్చారు.

పోచారం పడమటి ఒడ్డున చిన్నవాళ్ళిద్దరికీ బుర్రలు కట్టాను. పన్నెండేళ్ళ పెద్దపిల్ల తనది తానే కట్టుకుని, నాలుగోది పట్టుకుని నా దగ్గరికి వచ్చింది. అది పక్కన పెట్టు, ఎవరిది పగిలినా పనికొస్తుంది అన్నాను.

"ఇది నీదే, బాపు. అన్నిట్ల పెద్దది నీకని అమ్మనే పెట్టింది. నీకు నీళ్ళంటే భయమని మాకెప్పుడో చెప్పింది. ఎవ్వలతోటి అనొద్దన్నది."

చేతులు పైకెత్తి నిలబడ్డాను. పిల్ల నా నడుముకు ముడి వేసింది. రెండు తాళ్ళతో, రెండు ముళ్ళు.

అంగలు లెక్కపెడుతూ దిగాను. ఇరవైకి నీళ్ళు నడుముకు వచ్చాయి, ఆమె చెప్పినట్టే. పిల్లలు నా చుట్టూ తేలుతున్నారు. ఇరవై ఒకటో అంగకు నేల వదిలేశాను. బుర్ర నన్ను మోసింది. కదిలినప్పుడల్లా దాని లోపల ఎండిన విత్తులు గలగలమంటున్నాయి.