ఒక చెవి చెరువుకి

రొయ్యల చెరువు ఉన్నవాడికి రెండు చెవులూ సొంతం కావు. ఒకటి చెరువుదే. ఏరియేటర్లు తిరిగి నీళ్ళని చిలుకుతున్నంతసేపే రొయ్యకి ఊపిరి. కరెంటు పోయి అవి ఆగినప్పుడు వెంటనే జనరేటర్ వేయకపోతే పంట అంతా చచ్చి ఊరుకుంటుంది. కిందటి పంట నాకు అలాగే పోయింది. ఇదీ పోతే నేను మళ్ళీ కువైట్ వెళ్ళి కారు నడుపుకోవలసిందే.

"ఈసారి మీరు విమానం ఎక్కేరంటే, తిరిగొచ్చేసరికి ఈ ఇంట్లో నేనుండనండి, ఆయ్!" అని మా ఆవిడ ముందే చెప్పేసింది. అన్నంత పనీ చేసే మనిషి.

సింఫనీ పిచ్చి, అదే, వందమంది కలిసి వాయించే దొరల సంగీతం పిచ్చి, నాకు ఆ కువైట్ కారులోనే పట్టుకుంది. వెనక సీట్లో కూర్చునే పెద్దాయన రోజూ అదొక్కటే పెట్టించుకునేవాడు. మొదట్లో వింటే తలనొప్పి, తరవాత్తరవాత వినకపోతే తలనొప్పి. ఇంటికి వచ్చాక ఫోన్లో వెతికితే ఆ ఒక్కదానికే ఎన్ని రికార్డింగులో! స్వరాలు అవే, వాయించేవాళ్ళు వేరు. ఒకరిది రైలు పట్టుకోబోయేవాడి పరుగు, ఇంకొకరిది నిండు చూలాలి నడక. ఔరా, ఒకే సంగీతానికి ఇన్ని ప్రాణాలా అని నోరు వెళ్ళబెట్టాను. నాకు సంగీతం రాదు. వినడం ఒక్కటే వచ్చు.

మామిడికుదురు దగ్గర మా చెరువు గట్టు మీద చిన్న పాక ఉంది. సాయంత్రాలు అక్కడే కూర్చుని వినేవాణ్ణి. మా ఆవిడ షరతు ఒక్కటే: ఇయర్‌ఫోన్ ఒక చెవిలోనే పెట్టుకోవాలి, రెండో చెవి చెరువుకి వదలాలి. కొన్నాళ్ళకి, ఊరికే వేలాడుతున్న రెండోదాన్ని తనే చెవిలో పెట్టుకుంది. కుడిది నాకు, ఎడమది తనకి. అక్కణ్ణించి మొదలైంది రగడ.

"ఈ రికార్డింగు శుద్ధ దండగ. వయొలిన్లు ఎక్కడో పక్కూళ్ళో వాయిస్తున్నట్టున్నాయి," అన్నాను ఒకదాని గురించి.

"అయ్యో రామ! నా చెవి చిల్లులు పడేలా వాయిస్తుంటే వినబడట్లేదంటారేంటండీ?" అంది.

నాకు నచ్చినది పెడితే తనకి ఆనలేదు. తను పట్టిన కుందేటికి మూడే కాళ్ళు, నాదానికీ అంతే. ఒక్క పాత రికార్డింగు, గరగరమనేది, దాని దగ్గర మాత్రం మాకు పేచీ రాలేదు. అదెందుకో అప్పుడు తట్టలేదు.

ఒక రోజు రాత్రంతా ఇద్దరం పాకలోనే కాపలా ఉండి వింటుంటే, తెల్లవారుతుండగా, వాద్యాలన్నీ ఒక్కసారి విజృంభించే చోట, నా ఖాళీ చెవిలో ఏదో లోటు తోచింది. ఏరియేటర్లు ఆగిపోయాయి. "కరెంటు పోయిందే!" అని అరిచి నేను జనరేటర్ దగ్గరికి పరుగెత్తాను. డీజిల్ డబ్బా పట్టుకుని నా వెనకే మా ఆవిడ. మళ్ళీ నీళ్ళు చిలకడం మొదలయ్యాక ఇద్దరం గట్టు మీద కూలబడ్డాం. బతుకు జీవుడా అనుకున్నాం.

పంట నిలిచింది. రొయ్యల పట్టుబడి అయిపోయి, ఐసు వేసుకుని బండి వెళ్ళిపోయింది. ఇక చెరువు ఎండగట్టడమే. ఏరియేటర్లు ఆపేశాం. ఆ నిశ్శబ్దానికి నేను అలవాటుగా లేచి జనరేటర్ వైపు పరుగెత్తబోయాను.

"కూర్చోండి. చెరువులో ఏముందని ఆ పరుగు?" అని నవ్వి, ఫోన్లో నేను దండగన్న రికార్డింగు పెట్టి, తన చేత్తోనే నా రెండు చెవుల్లోనూ పెట్టింది.

ఓరి నాయనో! ఎడమ పక్కనించి వయొలిన్లు ఏరు పొంగినట్టు వచ్చి పడ్డాయి. కుడి పక్కనించి బరువైన గొంతు తీగవాద్యాలు వాటికి బదులు చెబుతున్నాయి. నేను దండగన్న వయొలిన్లు ఇన్నాళ్ళూ మా ఆవిడ చెవిలో ఉన్నాయి! మిగతావీ మార్చి మార్చి పెట్టి చూశాను: నాకు నచ్చినదాంట్లో వయొలిన్లవాళ్ళని రెండు పక్కలా కూర్చోబెట్టారు, అంతే. ఆ గరగర పాతదాంట్లో రెండు చెవులకీ ఒకే శబ్దం, అందుకే దాని దగ్గర పేచీ రాలేదు. ఇన్నాళ్ళు విన్నది సగమే అని తెలిసి సిగ్గుపడాలో, ఇంకా ఇంత మిగిలినందుకు సంబరపడాలో తెలియలేదు. కళ్ళు నిండిపోయాయి. దండగన్నదాన్నే మళ్ళీ మొదలుపెట్టి, రెండూ తీసి తన చెవుల్లో పెట్టాను.

మా ఆవిడ కళ్ళు మూసుకుని చివరిదాకా వింది. "మీ వైపునించి వింటే మీరన్నదీ నిజమేనండీ," అంది మెల్లగా. ఇయర్‌ఫోన్లు తీసి నా చేతిలో పెట్టి, "అయితే కువైట్ లేదు కదా?" అంది.

"లేదు," అన్నాను.

చెరువులో మళ్ళీ రొయ్య పిల్ల వేశాం. ఏరియేటర్లు తిరుగుతున్నాయి. సాయంత్రాలు కుడిది నాకు, ఎడమది తనకి. వయొలిన్లు వినబడని చోట నేనిప్పుడు విసుక్కోను, పక్కకి తిరిగి మా ఆవిడ ముఖం చూస్తాను.