అక్క దారిచ్చిన రోజు

మొన్న న్యూ లిన్ స్టేషన్లో ట్రైన్ కోసం నిలబడి ఉంటే, ఫ్యామిలీ గ్రూపులో బావ ఒక ఫోటో పెట్టాడు. అక్క క్యారవాన్ అమ్మేస్తున్నారట, ఇంకా పెద్దది కొనడానికి. కింద "మన చేతిలో బాగా నడిచిన బండి" అని రాశాడు. ఆ 'మన'లో ఎవరున్నారో చెప్పాల్సిన బాధ్యత నా మీద పడింది.

రెండు వేల పదిహేడులో నేను డునెడిన్‌లో స్టూడెంట్‌ని. అంటే వారానికి నాలుగు రోజులు అక్కావాళ్ళ ఇంట్లో భోంచేసేవాణ్ణి. అక్క అక్కడ హాస్పిటల్లో నర్సు. పక్కింటి ముసలాయన తన పాత క్యారవాన్, అదే కారుకి తగిలించుకునే చక్రాల ఇల్లు, వదిలించుకుంటున్నాడని తెలిసి, బావ ఆఫీసులో ఉన్న వేళ చూసి కొనేసింది. లైసెన్సు వచ్చి ఏడాది కాలేదు. ఆదివారాలు ఖాళీ పార్కింగులో కారు వెనక దాన్ని తగిలించుకుని రివర్స్ చేయడం నేర్చుకుంది. బావ మాత్రం తీర్పు చెప్పేశాడు: "లిండిస్ పాస్ ఘాట్ ఎక్కించి టెకపో సరస్సు దాకా నువ్వే నడుపు. మధ్యలో ఒక్కసారి నాకు స్టీరింగ్ ఇచ్చినా, బండి అమ్మేద్దాం." అక్క సరేనని పులిహోర కలపడానికి వెళ్ళింది.

జనవరి ఎండ, ఇక్కడ వేసవి అప్పుడే. అక్క డ్రైవింగు, పక్కన బావ, వెనక సీట్లో ఒళ్ళో పులిహోర డబ్బాతో నేను. కారంతా ఇంగువ వాసన. అలెగ్జాండ్రా ఊరు దాటాక చెట్లు అయిపోయి కొండలు మొదలయ్యాయి. మా అనంతపురం గుట్టలకు ఎవరో పసుపు రంగు విగ్గు పెట్టినట్టుగా, నిండా ఎండు గడ్డి. ఘాట్‌లో మా వేగం చూసి గొర్రెలు కూడా తలెత్తి జాలిపడ్డాయి. వెనక కార్ల బారు. అక్క కాస్త జాగా కనిపించిన చోటల్లా పక్కకి తీసి అందరినీ పోనిచ్చింది. పోతూ పోతూ ఒక్కొక్కడూ హారన్ కొట్టాడు.

"చూడు, ఎట్లా తిడుతున్నారో," అన్నాడు బావ.

"నిజంగా తిడుతున్నారా రా?" అద్దంలోంచి అక్క నన్నడిగింది. నాకు కారే లేదు, హారన్ల గురించి నాకేం తెలుసు? పులిహోర కావాలా అన్నాను.

పైన వ్యూపాయింట్ దగ్గర ఆపింది. తాళం తీసింది, బావ వైపు సగం దాకా చాచింది కూడా. అంతలో, ఇందాక మమ్మల్ని దాటిపోయి అక్కడ ఆగి ఉన్న ఒక యూట్, అదే వెనక తొట్టి ఉండే పికప్ బండి, తలుపు తెరుచుకుంది. అందులోంచి దిగిన పెద్దాయన నేరుగా మా వైపే నడిచొచ్చాడు. బావ అప్పటికే నోట్లో సారీ తయారు చేసుకున్నాడు.

ఆయన కిటికీలోకి వంగి, క్యారవాన్ వాళ్ళు ఇలా పక్కకి తియ్యడం ఈ రోడ్డు మీద అరుదు, హారన్ విన్నావు కదా, అందరం నీకు థాంక్స్ చెప్పాం అన్నాడు అక్కతో.

బావ పదేళ్ళుగా డ్రైవ్ చేస్తున్నాడు. కానీ జన్మలో ఎవరికీ దారివ్వలేదు కాబట్టి ఆ హారన్ ఆయనెప్పుడూ వినలేదు.

"పక్కకి తియ్యమని నేనే చెప్పా," అన్నాడు బావ, పెద్దాయనతో.

అక్క తాళం వెనక్కి తీసుకుంది. సాయంత్రానికి టెకపో నీళ్ళ పక్కన, ఒక్క గీత పడకుండా, ఒక్కసారికే రివర్స్ చేసి పెట్టింది. ఎవరి బండో చూడ్డానికి వచ్చిన వాళ్ళందరికీ, అడక్కపోయినా, మా అక్కది అని చెప్పాను.

ఆ రోజు మేం దారిచ్చిన కార్లన్నీ ఎప్పుడో ఎక్కడికో చేరిపోయి ఉంటాయి. ఏళ్ళు కూడా అలాగే మమ్మల్ని దాటుకుని పోయాయి. కాకపోతే ఒక్కటీ హారన్ కొట్టలేదు.