సత్తవ్వ మోచేతులు

కరోనా సద్దుమణిగిన మరుసటి ఏడాది నన్ను ఎల్లారెడ్డి దగ్గర ఒక సర్కారు దవాఖానలో ఫిజీషియన్‌గా, అంటే కత్తి పట్టకుండా మందులతో వైద్యం చేసే డాక్టరుగా, వేశారు. అదే నా ఆఖరి పోస్టింగు. చూడాల్సినవన్నీ చూసేశానన్న ధీమాతో వెళ్లాను. అది ఎక్కువ కాలం నిలవలేదు.

లింగంపేట నుంచి సత్తవ్వ అనే బీడీ కార్మికురాలు కళ్లు తిరుగుతున్నాయని వచ్చింది. నాడి బాగా నెమ్మదిగా ఉంది. గుండె పైగదుల నుంచి కిందిగదులకు విద్యుత్తు ఆలస్యంగా దిగుతోందని ఈసీజీ చెప్పింది. బీపీ కోసం చెయ్యి చాపమంటే మోచెయ్యి పూర్తిగా సాగలేదు. "బీడీలు చేసి చేసి గిట్లనే అయినయ్ సారూ. ఒళ్లె చాట వెట్టుకొని కూసుంటే ఎవల చేతులైనా గింతే" అంది. ఆ ఊళ్లలో మెడనొప్పి నుంచి దగ్గు దాకా అన్నిటినీ బీడీల ఖాతాలో వేయడం రివాజు. నాకూ సబబుగానే తోచింది.

పేస్‌మేకర్ కోసం ఆమెను కామారెడ్డి గుండె డాక్టరు దగ్గరికి పంపబోతున్నాను. అక్కను లేపడానికి తమ్ముడు రాజయ్య చేతులు చాపాడు. అవీ అలాగే వంగి ఉన్నాయి. అతను హార్వెస్టర్ నడుపుతాడు, బీడీ ఆకు ముట్టినవాడే కాదు. వాళ్ల బాపుకూ అట్లాగే ఉండేవట. ఆయన వడ్లు ఆరబోస్తూ ఉన్నపళంగా కూలిపడి చనిపోయాడట.

నాకు తల తిరిగింది. ఇది కీళ్ల జబ్బా, కండరాలదా, గుండెదా? ఏ డిపార్ట్‌మెంటుకు రాయాలి? ఫోనులో అంతా విన్న కామారెడ్డి డాక్టరు, ఆమెను పిలిపించి తన దగ్గరే ఉంచుకుని, రక్తం హైదరాబాదుకు జన్యు పరీక్షకు పంపాడు. లామిన్ లోపమని తేలింది. వంగిన మోచేతులూ, నెమ్మదించిన గుండే, రెండూ దాని వల్లనే. కణం మధ్యలో ఉండే కేంద్రకానికి లోపలివైపు, కోటుకు అస్తరులా పరుచుకుని ఉండే ప్రొటీన్లు ఈ లామిన్లు. కేంద్రకం ఆకారాన్ని నిలబెట్టేది అవే. ఒంట్లో దాదాపు ప్రతి కణంలోనూ ఉంటాయి. "అన్నిట్ల ఉండేదైతే గుండెకు, చేతులకే ఎందుకొచ్చె సారూ?" అని సత్తవ్వ అడిగింది. తెలియదన్నాను. పుస్తకాలు తిరగేసిన కొద్దీ అయోమయమే పెరిగింది.

తెలిసింది ఒక్కటే. ఈ జబ్బులో గుండె నెమ్మదించడమే కాదు, హఠాత్తుగా అదుపు తప్పి పరుగెత్తవచ్చు కూడా. అప్పుడు మామూలు పేస్‌మేకర్ సరిపోదు, షాక్ ఇచ్చే పరికరం కావాలి. సత్తవ్వకు అదే అమర్చారు. రాజయ్య మాత్రం పరీక్షకు ససేమిరా అన్నాడు. "నాకేమైంది సారూ, మంచిగనే ఉన్న." నాకు భయం వేసింది. బతిమాలాను కూడా.

కొన్నాళ్లకు సత్తవ్వ అతనితో మాట్లాడుతూనే ఒరిగిపోయింది. పరికరం షాక్ ఇచ్చింది. "రొమ్ముల ఎవలో గుద్దినట్టయింది" అంటూ లేచి కూర్చుంది. మరునాడు రాజయ్య తనంతట తానే వచ్చి, చొక్కా విప్పి ఈసీజీ బల్ల మీద పడుకున్నాడు. అతని గీతలు అక్క గీతల కంటే అధ్వానంగా ఉన్నాయి.

ఆ జబ్బు కొన్ని అవయవాలనే ఎందుకు పట్టుకుంటుందో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు. రోగితోపాటు వెంట వచ్చినవాళ్ల చేతులు కూడా చాపించి చూడాలని మాత్రం నేర్చుకున్నాను.