తమ్ముడు చేసిన నా ఉద్యోగం

నేను పుట్టకముందే నా ఉద్యోగం ఖాయమైంది. నాకంటే ముందు ఇద్దరు బిడ్డలు పురిట్లోనే పోతే, మా అమ్మ కోతపండుగ నాడు చర్చిలో మోకరించి, ఈసారి బతికిన బిడ్డను దేవుని సేవకు ఇచ్చేస్తానని మొక్కుకుంది. మా పేటలో అది వింతేమీ కాదు. అలా సేవకు ఇచ్చిన పిల్లలు చాలా ఇళ్లలో ఉండేవాళ్లు. వాళ్లలో కొందరు పాస్టర్లయ్యారు, కొందరు ఆటోలు నడుపుతున్నారు. పిల్లవాడు తప్పుకున్నా మొక్కు మాత్రం పోదు. ఆ ఇంట్లోనే ఇంకొకరి మీదికి మారుతుంది.

పాస్టరుగారిని మావాళ్లు అయ్యగారు అంటారు. నాకు ఊహ తెలిసేసరికే పేటంతా నన్నూ అలాగే పిలిచేది. గోళీలాటలో ఓడిపోతే, "ఏరా అయ్యగారూ, ఇయ్యాల ప్రార్థన చేసుకోకుండా వచ్చావా?" అని ఏడిపించేవాళ్లు.

ఇంటర్ అయ్యాక బైబిలు ట్రైనింగుకు పొమ్మంటే, డిగ్రీ చదువుతానన్నాను. డిగ్రీ అయ్యాక గుంటూరులో పేపర్లో చేరాను. అమ్మ అరవలేదు, ఏడవలేదు. మిరపకాయ కోతకు వెళ్లి వచ్చి, మండుతున్న చేతులకు కొబ్బరినూనె రాసుకుంటూ, "సరేలే, చిన్నోడున్నాడుగా" అంది.

చిన్నోడు, అంటే మా తమ్ముడు, అప్పుడు చిలకలూరిపేటలో ఒక జిన్నింగ్ మిల్లులో పనిచేస్తున్నాడు. పత్తి నుంచి గింజ తీసే ఆ మిషన్ల మధ్య మనిషి మాట మనిషికి వినపడదు. వాడు మాత్రం ఆ రొదలో చెవి ఒగ్గి ఏ బేరింగు పోబోతోందో చెప్పేవాడు. అమ్మ కబురు పెట్టగానే బట్టలు సర్దుకుని వచ్చాడు, ట్రైనింగుకు వెళ్లాడు. నీకు ఇష్టమేనా అని వాణ్ని ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు. ఆ వారమే నా పేరుతో మొదటి వార్త అచ్చయింది.

ఆ తర్వాత ఏ ఊరికి వార్త కోసం వెళ్లినా, అక్కడి అయ్యగారి మీదికే నా చూపు పోయేది. పురుగుమందు తాగి చనిపోయిన రైతు ఇంటికి వెళ్తాం. వయసు, ఎకరాలు, పంట పేరు రాసుకుని నేను బండెక్కేవాణ్ని. ఆ ఊరి అయ్యగారో, వయసు మళ్లిన బంధువో ఆ ఇంటి అరుగు మీద అలాగే కూర్చుండిపోయేవారు. నేను వెళ్లిపోయాక అక్కడ ఏం మాట్లాడుకుంటారు? ఎవరు ముందు అన్నం ముట్టుకుంటారు? బండి నడుపుతూ ఆ అరుగు మీద నన్ను కూర్చోబెట్టుకుని చూసుకునేవాణ్ని. అది భక్తి అనలేను. సగం చదివి ఎక్కడో పోగొట్టుకున్న పుస్తకం లాంటి బాధ అది. ఆఫీసు చేరేదాకా నన్ను కుదురుగా ఉండనిచ్చేది కాదు.

అమ్మ పోయింది. నేను రిటైరయ్యాను. మొన్న మిరప కోతల కాలంలో తమ్ముడు ఫోన్ చేశాడు.

"అన్నా, ఒకసారి వచ్చిపో. ఇది ఫోన్లో తెమిలేది కాదు."

వాడిది మార్టూరుకు కొంచెం లోపలగా ఉన్న ఊళ్లో చర్చి. శనివారం మధ్యాహ్నం నేను వెళ్లేసరికి చర్చి పక్కన పాస్టరుకిచ్చే ఇంటి ముందు వాడు ఎవరిదో నీళ్ల మోటారు విప్పి కూర్చున్నాడు. మోచేతుల దాకా గ్రీజు.

"చూడండి బావగారూ, మీ తమ్ముడి పరిశుద్ధ వస్త్రాలు" అంది మరదలు మంచినీళ్లు ఇస్తూ.

సంగతి వాడే చెప్పాడు. మార్టూరులో ఒక గ్రానైటు పాలిషింగ్ యూనిట్లో మిషను ఆగిపోయింది. మెకానిక్కు ఎంతకీ రాలేదు. అక్కడి సూపర్‌వైజరు తమ్ముడి చర్చి సంఘంలోనివాడే. అయ్యగారి చేత ప్రార్థన చేయిస్తే మంచిదని వీణ్ని తీసుకెళ్లాడు.

"ప్రార్థన చేశా. ఆమేన్ అన్నాక స్పానర్ ఇమ్మన్నా" అన్నాడు తమ్ముడు.

"తిరిగిందా?"

"సాయంత్రానికి తిరిగింది. ఓనరు అక్కడే పట్టుకున్నాడు. మిషన్లన్నీ చూసుకోవడానికి వచ్చెయ్యమంటున్నాడు. సోమవారం చెప్పాలి." చేతులు తుడుచుకున్నాడు. "అమ్మ ఉన్నన్నాళ్లూ ఈ ఆలోచన దగ్గరికి రానివ్వలేదన్నా. ఇప్పుడు ప్రసంగం మధ్యలో ఫ్యాను చప్పుడు వింటన్నా."

"నన్నేం చెప్పమంటావురా?"

"ఏం చెప్పొద్దు. రేపు ప్రసంగం నువ్వు చెయ్యి. ముప్పయ్యేళ్లకు పైగా నీ డ్యూటీ నేను చేస్తన్నా. ఒక్క ఆదివారం నువ్వు చేస్తే నేను కింద కూర్చుంటా. అది నా చోటో కాదో కింద కూర్చుంటేగాని తెలిసేట్టు లేదు."

"బావగారూ, మధ్యలో ప్రకటనలు మాత్రం వెయ్యకండి" అంది మరదలు.

ఆ రాత్రంతా కూర్చుని రాసుకున్నానని చెబితే అబద్ధమవుతుంది. నాలుగు మాటలు రాసుకుని పడుకున్నాను. నాలుగు మాటల్లో చెప్పడమే కదా నేను నేర్చుకున్న పని. తెల్లారి చర్చిలో నిలబడ్డాక అదే తంటా అయింది. పేపర్లో ముఖ్యమైన ముక్క ముందే చెప్పేస్తాం. ఆ అలవాటుతో, ఆలస్యంగా వచ్చిన ఆడవాళ్లు చాపల మీద సర్దుకుని కూర్చునేలోపే నా ప్రసంగం అసలు విషయం దాటిపోయింది. మిగతాది సాగదీశాను. జనం మర్యాదగా విన్నారు. వెనక వరసలో ఇద్దరు రైతుల మధ్య తమ్ముడు బాసిపట్టు వేసుకుని కళ్లు మూసుకున్నాడు. పాట వచ్చినప్పుడు అందరికంటే గట్టిగా పాడాడు.

ఆరాధన అయ్యాక తెలిసింది, పని అప్పుడే మొదలవుతుందని. ఒక నడివయసు ఆమె వచ్చి నా ముందు తలవంచి నిలబడింది. కల్లంలో కాయలున్నాయని, మబ్బు పట్టిందని, ప్రార్థన చెయ్యమని అడిగింది. నా నోటి వెంట వచ్చినవి ప్రశ్నలు.

"ఎన్ని ఎకరాలమ్మా? సొంతమా, కౌలా?"

పాపం, అన్నిటికీ జవాబు చెప్పింది. కౌలంది. భర్తకు నడుం నొప్పంది. పోయినేడు తెగులు కొట్టిందంది. చెప్పి, తల ఎత్తకుండానే, "ప్రార్థన, అయ్యగారూ" అని గుర్తుచేసింది.

తమ్ముడి కోసం చూశాను. వాడు గుమ్మం దగ్గరే నిలబడి నావైపు చూస్తున్నాడుగాని కదల్లేదు. ఆమె తల మీద చెయ్యి పెట్టాను. ఏం మాటలు అన్నానో ఇప్పుడు చెప్పలేను. ఆమె ఆమేన్ అని చెంగుతో కళ్లు ఒత్తుకుని వెళ్లిపోయింది. నా చెయ్యి ఇంకా గాలిలోనే ఉంది. మరొకరెవరైనా వస్తే బాగుండుననిపించింది. మిగతావాళ్లు తమ్ముడి చుట్టూ చేరారు.

భోజనాల దగ్గర వాడు తేల్చేశాడు.

"వెళ్తానన్నా. ఇయ్యాల జనంలో కూర్చుని పాడుతుంటే, ఎన్నేళ్లయిందో ఇట్టా కూర్చుని అనిపించింది. నమ్మకం పోయి కాదు. నేను కింద కూర్చునేవాణ్ని, అంతే."

"సంఘం ఏమంటుందిరా?"

"తిడతారు. తర్వాత ఇంకొకర్ని చూసుకుంటారు."

మరదలి వైపు తిరిగాను. "నీకు కష్టం కాదా అమ్మా?"

"ఇల్లు ఖాళీ చెయ్యాలి, అదొకటి." పప్పు వడ్డిస్తూ కొంచెం ఆలోచించింది. "ఇంక నన్ను అమ్మగారూ అనరు. పేరు పెట్టి పిలిపించుకుని ఎన్నాళ్లయిందో బావగారూ. ఎవరన్నా పిలిస్తే నన్నే అని తెలుస్తదో లేదో."

ముగ్గురం నవ్వాం. వాళ్లిద్దరూ ఇంకా నవ్వుతూనే ఉన్నారు, నేను బస్సు టైము అడిగాను.

తిరుగు బస్సులో కిటికీ పక్కన సీటు దొరికినా కూర్చోబుద్ధి కాలేదు. సంతోషించాల్సిన విషయమే. వాడిది వాడికి దొరికింది. కానీ ఇన్నేళ్లూ నేను వదిలేసిన బతుకు ఊరికే పడి ఉండలేదు. తమ్ముడు అందులో కాపురం ఉన్నాడు. గుర్తొచ్చినప్పుడు మార్టూరు బస్సెక్కి వెళ్లి, దాని గుమ్మంలో కాసేపు కూర్చుని రాగలిగాను. ఇప్పుడు వాడు బయటికి వచ్చేశాడు. ఆ కౌలు రైతు భార్య వచ్చే ఆదివారం ఎవరి ముందు తల వంచుతుంది? రాసి పడేసిన వార్తల్లోని అరుగులన్నీ ఒకటొకటిగా గుర్తుకొచ్చాయి. చిలకలూరిపేట దాటేదాకా నిలబడే ఉన్నాను. కండక్టరు రెండుసార్లు సీటు చూపించాడు.

తమ్ముడు ఒకటో తారీకున పనిలో చేరాడు. ఫోన్ చేస్తే వెనక రాయి అరిగే చప్పుడు. "వినపడటంలా అన్నా, మళ్లీ చేస్తా" అని ఉత్సాహంగా అరిచి పెట్టేస్తాడు.

నెల తిరక్కుండా ఆ ఊరి సంఘపెద్ద నాకు ఫోన్ చేశాడు. కొత్త అయ్యగారు ఇంకా కుదరలేదట.

"మీరు ఖాళీగానే ఉన్నారంట గదండి. ఆయన వచ్చిందాకా ఆదివారాలు మీరొచ్చి నడిపిస్తే బాగుంటదని అందరం అనుకున్నామండి."

ఇన్నేళ్లుగా ఊహించుకున్న బతుకు ఒక మనిషి గొంతుతో నన్ను పిలుస్తోంది. నేను గుక్క తిప్పుకోకుండా, "కుదరదండి, ఆరోగ్యం బాగుండటం లేదు" అన్నాను. ఆరోగ్యం బాగానే ఉంది. డిగ్రీ చదువుతానని అమ్మతో అన్నప్పుడూ ఇంతే వేగంగా అన్నాను. ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని గదిలో ఆ చివర నుంచి ఈ చివరకు తిరుగుతున్నాను. మాట మార్చుకోవడానికి ఆయన కావలసినంత సమయం ఇచ్చాడు. మార్చుకోలేదు.

పెద్దాయన ఏమీ నొచ్చుకోలేదు.

"పర్లేదులెండి" అన్నాడు. "పోనీ, మీ ఇంట్లో ఇంకెవరన్నా ఉన్నారా అండి, పంపడానికి?"