గెలిచినందుకు తగ్గిన పాయింట్లు

జీవితంలో ఒక్కసారి కూడా బ్యాటు పట్టని మనిషి ఒకాయన దోహాలో మా ఆడవాళ్ళ సాఫ్ట్‌బాల్ టోర్నమెంటుకు ర్యాంకులు కట్టేవాడు. తొంభైల మధ్యలో సంగతి. ఆయన ఒక పెద్ద కంపెనీలో ఇంజనీరు, కోస్తా జిల్లాల మనిషి, మా కమిటీకి సెక్రటరీ. కంప్యూటర్లో గడులు గీసి అంకెలు నింపి, ఆ కాగితాన్ని ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని గ్రౌండుకు వచ్చేవాడు. మేం ఆడుతుంటే ఆయన చూపు బంతి మీద ఉండేది కాదు, కాగితం మీద ఉండేది.

నేను నిజామాబాద్‌లో డిగ్రీ చదివేటప్పుడు కాలేజీ టీముకు బంతి విసిరే పిచర్‌ని. పెళ్ళయ్యాక ఖతర్ వచ్చి, దోహాలోని ఫరీజ్ అబ్దుల్ అజీజ్‌లో రెండు గదుల ఇంట్లో కాపురం పెట్టి, ఒక స్కూల్లో ఆటల టీచరుగా చేరాను. కాలేజీ రోజుల్లో ఏ టీము ఎవరితో ఆడాలో మా పీఈటీ సార్ టోపీలో చీటీలు వేసి తీసేవాడు. ఒక్కోసారి గట్టి టీములు రెండూ మొదటి రోజే తలపడేవి. ఏడ్చేవాళ్ళం, సార్‌ను తిట్టుకునేవాళ్ళం. కానీ ఆ టోపీని ఎవరూ సైన్సు అనలేదు.

దోహాలో ఆరు టీములు. మాది చదువుకున్న భారతీయ కుటుంబాల ఆడవాళ్ళ టీము, నేను కెప్టెన్‌ని. అమెరికన్ కాంట్రాక్టర్ల భార్యలవి రెండు. ఒక ఆఫీసు ఉద్యోగినులది ఒకటి. ఫిలిప్పీన్స్ నర్సులది ఒకటి. ఆరోది, ఒళ్ళు తగ్గించుకుందామని సరదాగా చేరిన తల్లులది. వాళ్ళలో ఒకావిడ బంతి కొట్టి మొదటి బేసుకు బదులు మూడో బేసు వైపు పరిగెత్తడం నా కళ్ళతో చూశాను. చలికాలంలో, అక్కడ వారానికి సెలవైన శుక్రవారాల్లో, అల్ రయ్యాన్‌లో విదేశీ ఉద్యోగుల ఇళ్ళున్న ఒక కాంపౌండ్ పక్కనున్న మట్టి గ్రౌండులో ఆడేవాళ్ళం. ప్రతి టీమూ మిగతా ఐదింటితో ఒక్కో మ్యాచ్ ఆడాలి. దాన్నిబట్టి ర్యాంకులు. మొదటి రెండు ర్యాంకుల వాళ్ళు నేరుగా సెమీస్‌కు పోతారు. మిగతా నాలుగు టీములూ అదే రోజు పొద్దున ఇంకో మ్యాచ్ ఆడి గెలిచి రావాలి.

అందరికంటే బాగా ఆడింది నర్సులు. వాళ్ళ కెప్టెన్ పొట్టి మనిషి, నలభై దాటి ఉంటాయి, ఆసుపత్రిలో పిల్లల వార్డులో డ్యూటీ. ఆమె విసిరిన బంతి ఎటు తిరుగుతుందో నాకే తెలిసేది కాదు. మమ్మల్ని ఏడు రన్నుల తేడాతో ఓడించారు. ఒక శుక్రవారం సగం మందికి డ్యూటీ పడి రాలేకపోతే ఆ మ్యాచ్ మాత్రం వాకోవర్ కింద అవతలివాళ్ళకు పోయింది. ఆడిన నాలుగూ గెలిచారు.

తల్లుల టీముతో మా మ్యాచ్ జరగలేదు. ముందురోజు సాయంత్రం సెక్రటరీ ఫోన్ చేసి, "రేపు దుమ్ము గాలి వస్తుందంట అమ్మా, మీ మ్యాచ్ క్యాన్సిల్" అన్నాడు. మర్నాడు ఆకాశం అద్దంలా ఉంది. అదే గ్రౌండులో రెండు గంటల తర్వాత ఇంకో మ్యాచ్ జరిగింది కూడా. అప్పుడు నాకు అర్థం కాలేదు. సెలవు దొరికిందని ఇంట్లో ఇడ్లీలు వేసుకున్నాం.

నర్సులు మాత్రం ఆ తల్లులతో ఏడు ఇన్నింగ్సులూ ఆడారు. మధ్యలో ఆట ఆపి బ్యాటు ఎలా పట్టుకోవాలో చూపించారు. మూడో బేసు వైపు పరిగెత్తిన ఆవిడ ఆ రోజు మొదటి బేసు చేరితే రెండు టీములూ చప్పట్లు కొట్టాయి.

ర్యాంకుల కాగితం వచ్చింది. మేం ఫస్ట్. అమెరికన్ల టీము ఒకటి సెకండ్. నర్సులు నాలుగు.

మీటింగు సెక్రటరీ ఇంట్లో. చల్లటి ఏసీ, గాజు బల్ల, జీడిపప్పు పకోడీలు. కెప్టెన్లందరం కాగితం మీద సంతకం పెట్టాలి. నర్సుల కెప్టెన్‌కు డ్యూటీ, రాలేదు. నేను అడిగాను.

"నర్సులు మమ్మల్ని ఓడగొట్టిన్రు కద సార్. మరి మేమెట్ల ఫస్ట్?"

ఆయన నవ్వాడు. లెక్కలు రాని పిల్లను చూసి నవ్వినట్టు.

"నువ్వు ఎమోషనల్‌గా చూస్తున్నావమ్మా. ఇది సైంటిఫిక్. ఎన్ని గెలిచారని కాదు, ఎవరి మీద గెలిచారని చూడాలి. వాళ్ళు ఆ తల్లుల టీముతో ఆడారు చూడు, ఒక్క మ్యాచ్ కూడా గెలవనివాళ్ళతో? దాంతో వాళ్ళ యావరేజ్ పడిపోయింది."

"ఆడకుంటే పెరిగేదా?"

"ఆడకపోతే పడదు కదా."

దుమ్ము గాలి ఎక్కడినుంచి వచ్చిందో అప్పుడు తెలిసింది.

"మరి మమ్మల్ని గూడ ఓడగొట్టిన్రు గద. దానికి మార్కుల్లేవా?"

"ఉన్నాయమ్మా, ఎందుకు లేవు? కాకపోతే వాళ్ళ చేతిలో ఓడిపోయారు కాబట్టి మీ బలం కాస్త తగ్గింది. మీ బలం తగ్గింది కాబట్టి మీ మీద గెలిచినందుకు వాళ్ళకి వచ్చే పాయింట్లు కూడా తగ్గాయి. అంతే."

ఆ ముక్క ఆయన ఏ మాత్రం తడబడకుండా అన్నాడు. బల్ల చుట్టూ ఉన్నవాళ్ళు తలలూపారు. అమెరికన్ ఆవిడ "వెరీ ఫెయిర్" అంది. దానికి తోడు "క్రమశిక్షణ" అని ఇంకో గడి ఉంది. మీటింగులకు వచ్చినందుకు, యూనిఫాం కుట్టించుకున్నందుకు పాయింట్లు. పిల్లల వార్డులో ఎవరికో సెలైన్ పెడుతున్న మనిషికి, ఇక్కడ పకోడీలు తినడానికి రాలేదని కోత పెట్టారు.

నేను సంతకం పెట్టాను. ఇది దాచుకోను. మా టీములో సెక్రటరీ భార్య కూడా ఉంది, ఆయన కారులోనే సగం మందిమి గ్రౌండుకు వెళ్ళేవాళ్ళం, ఫస్ట్ ర్యాంకు అంటే నాకూ లోపల తియ్యగానే ఉంది. ఆయన మీద నాకున్న ఏవగింపులో ఆ సంతకం వాటా ఎప్పుడూ ఉంటుంది.

టోర్నమెంటు రోజు నర్సుల్లో నలుగురు నైట్ డ్యూటీ దిగి నేరుగా వచ్చారు. ఎనిమిది గంటలకు ఒక మ్యాచ్ ఆడి గెలిచారు. పదిన్నరకు మాతో సెమీస్. అప్పటిదాకా మేం నీడలో కూర్చుని కమలాపళ్ళు ఒలుచుకు తింటున్నాం. వాళ్ళ కెప్టెన్ తలమీద నీళ్ళు పోసుకుని వచ్చి నా పక్కన నిలబడింది.

"సిస్టర్, మీకు పొద్దున మ్యాచ్ లేదా?"

"లేదు. మాది ఫస్ట్ ర్యాంక్."

"ఓ" అంది. ఎగతాళి లేదు, కోపమూ లేదు. "మంచిది. యల్లా, పదండి, ఆడదాం."

ఐదో ఇన్నింగ్స్ దాకా మాకు ఒక్క రన్ను రాలేదు. ఆరో ఇన్నింగ్స్‌లో ఆమె భుజం దిగిపోయింది. బంతులు తిరగడం మానేసి నేరుగా రాసాగాయి. మాలో బ్యాటు సరిగ్గా పట్టుకోలేని వాళ్ళు కూడా కొట్టారు. ఒక్క రన్నుతో గెలిచాం. మావాళ్ళు కేకలు వేస్తూ ఎగిరారు. ఆమె కింద కూర్చుని ఎడమ చేత్తో కుడి భుజం పట్టుకుంది. నేను వెళ్ళి చెయ్యి కలిపాను. అంతకుమించి ఏం చెయ్యాలో తెలియలేదు.

ఫైనల్లో అమెరికన్లు మమ్మల్ని చితక్కొట్టారు. సెక్రటరీకి అదేం పట్టలేదు. ముఖం వెలిగిపోతోంది. మైకు తీసుకుని ఇంగ్లీషులో చెప్పాడు: ఫస్ట్ ర్యాంకు, సెకండ్ ర్యాంకు టీములే ఫైనల్‌కు వచ్చాయి, మా ఫార్ములా కరెక్టని రుజువైంది.

ఒక మనిషిని రెండు మైళ్ళు పరిగెత్తించి, ఇంకొకర్ని కుర్చీలోంచి లేపి, ఇద్దరికీ పందెం పెట్టి, కుర్చీలోంచి లేచినవాళ్ళు గెలిస్తే, చూశారా నేను ముందే చెప్పాను అనడం. దీనికి కంప్యూటరెందుకు?

ఆ సాయంత్రమే ఆసుపత్రి హాస్టలుకు ఫోన్ చేసి నర్సుల కెప్టెన్‌ను పిలిపించాను. వచ్చే శుక్రవారం కమిటీ లేకుండా, కాగితం లేకుండా ఒక మ్యాచ్ ఆడదామన్నాను. "ఎందుకు?" అంది. నిజం చెప్పాను: "మేం గెలవలేదు. మీరు అలిసిపోయారు." ఆమె డ్యూటీలు లెక్క చూసుకుని, "మాకు ఉదయం ఆరింటికైతే కుదురుతుంది" అంది.

మా టీము నుంచి ఏడుగురే వచ్చారు. తక్కువ పడిన ఇద్దర్నీ వాళ్ళే ఇచ్చారు. ఆ ఏడుగురిలో నేను అనుకోని మనిషి ఒకరున్నారు, సెక్రటరీ భార్య. టాక్సీలో వచ్చింది.

"ఆయనకి చెప్పలేదు. వాకింగ్‌కి వెళ్తున్నానన్నాను" అంది నాతో. "నాకూ ఒకసారి నిజంగా ఆడాలనుంది."

తొమ్మిదికి ఒకటి. అదీ మా స్కోరు. ఆ ఒక్క రన్నూ సెక్రటరీ భార్యదే. నిద్రపోయి లేచిన చెయ్యి ఎలా ఉంటుందో నర్సుల కెప్టెన్ నాకు చూపించింది. నాకు వరసగా మూడుసార్లు బంతి తగల్లేదు. కాలేజీ విడిచాక అంత సంతోషంగా ఎప్పుడూ ఓడలేదు.

విషయం తెలిసి సెక్రటరీ మా ఇంటికి వచ్చాడు.

"ఆ మ్యాచ్ రికార్డులోకి రాదమ్మా. దాన్ని లెక్కలోకి తీసుకోం."

"మీ లెక్క కోసం ఆడలేదు సార్."

"మరి దేనికి?"

ఆయన నిజంగానే అడిగాడు. ఆ ముఖంలో నటన లేదు. మా ఆయన నవ్వాపుకోలేక చాయ్ కలిపే వంకతో వంటింట్లోకి పోయాడు. నేను మాత్రం నవ్వలేదు. పదకొండేళ్ళ వయసు నుంచి ఆడుతున్న ఆట గురించి, ఎందుకు ఆడతారని అడిగే మనిషి చేతిలో మా అందరి ర్యాంకులూ ఉన్నాయి.

"వచ్చే ఏడు నేను ఆడను సార్. కెప్టెన్ ఎవరినన్న చూసుకోండ్రి" అన్నాను.

తర్వాతి సంవత్సరం నర్సులు పేరు ఇవ్వలేదు. తల్లుల టీమూ చీలిపోయింది, వాళ్ళలో ముగ్గురు నర్సులతో కలిసి ఆడటం మొదలుపెట్టారు. శుక్రవారం పొద్దున్నే ఇండస్ట్రియల్ ఏరియా దారిలో ఒక ఖాళీ స్థలంలో ఆట. కంపెనీ బస్సుల్లో పనికి పోయేవాళ్ళు కిటికీల్లోంచి చేతులూపేవారు. నేను పిచింగూ చేశాను, మనుషులు సరిపోయిన రోజున అంపైరుగానూ నిలబడ్డాను. ఎవరు ఎవరితో ఆడాలో అక్కడికొచ్చాక, ఎంతమంది ఉన్నారో చూసి తేల్చుకునేవాళ్ళం.

సెక్రటరీ టోర్నమెంటు ఆ ఏడాది నాలుగు టీములతో జరిగింది. ర్యాంకుల కాగితం నాకూ ఒక కాపీ పంపాడు. అందులో ఐదో వరసలో నర్సుల టీము పేరు, దాని ఎదురుగా సున్నాలు ఉన్నాయి. ఒక్క మ్యాచ్ కూడా ఆడని టీముకు ర్యాంకెట్లా వచ్చిందని ఫోన్ చేసి అడిగాను.

"రాకపోతే లాస్ట్ కదమ్మా" అన్నాడు.